కక్ష్యలో మిగిలిన శకలాలు

2019 మార్చి 27న ‘మిషన్ శక్తి’ పేరుతో భారతదేశం తన ఉపగ్రహాన్నే క్షిపణితో కూల్చినప్పుడు, సార్వత్రిక ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమలులో ఉండడంతో, చర్చంతా ప్రధానమంత్రి ఆ వార్తను స్వయంగా ప్రకటించడం సబబా కాదా అన్నదాని చుట్టూనే తిరిగింది. అది ఉల్లంఘన కాదని ఎన్నికల సంఘం తేల్చింది. పగిలిన ఉపగ్రహపు ముక్కలు ఏమవుతాయన్న అసలు ప్రశ్న వెనకబడిపోవడం విచారకరం.

శ్రీహరికోట నుంచి ఆ జనవరిలోనే ప్రయోగించిన ఆ ఉపగ్రహం, మైక్రోశాట్-ఆర్, సుమారు 280 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుండేది. అక్కడి పలుచని గాలి శకలాల వేగాన్ని తగ్గించి, వాటిని క్రమంగా కిందికి దించి, దట్టమైన వాతావరణంలో కాలిపోయేలా చేస్తుంది గనుక అంత తక్కువ కక్ష్యను, అంటే భూమి చుట్టూ ఉపగ్రహం తిరిగే దారిని, ఎంచుకోవడం వివేకమే; అయినా తాకిడి ధాటికి కొన్ని ముక్కలు పైకి ఎగసి, అనుకున్నదానికన్నా ఎక్కువకాలం నిలిచాయి. 2007లో చైనా దాదాపు 860 కిలోమీటర్ల ఎత్తున తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని పేల్చగా 3000కు పైగా శకలాలు ఏర్పడ్డాయి, వాటిలో చాలాభాగం నేటికీ తిరుగుతూనే ఉన్నాయి. సెకనుకు 7 కిలోమీటర్లు మించిన వేగంలో గోలీకాయంత ముక్క కూడా ఉపగ్రహాన్ని ఛిద్రం చేయగలదు. ఒక తాకిడి మరికొన్ని తాకిడులకు దారితీసే ఈ గొలుసు ప్రమాదాన్నే కెస్లర్ ప్రభావం అంటారు.

కక్ష్యలో సామూహిక వినాశక ఆయుధాలను నిలపరాదన్న 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ఇలాంటి పరీక్షలను నిషేధించలేదు. వాటిని మానుకోవాలని కోరుతూ 2022 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ చేసిన తీర్మానానికి 155 దేశాలు మద్దతు పలికాయి. భారతదేశం ఓటింగుకు దూరంగా ఉండిపోయింది.