ఇచ్చేసిన తరువాత

తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ణి; ఫుట్‌బాల్‌కూ నాకూ ఏ చుట్టరికమూ లేదు. అయినా మొన్న ఆదివారం సాయంత్రం మావాడి ఆట చూడక తప్పలేదు.

హైటెక్ సిటీ దాటి గచ్చిబౌలి వెళితే, అద్దాల మేడల నడుమ గంటల లెక్కన అద్దెకిచ్చే పచ్చిక మైదానాలున్నాయి. పచ్చిక కూడా కృత్రిమమే లెండి! పదో తరగతి చదువుతున్న మావాడు, బంతి కాలికి తగలడమే ఆలస్యం, మరొకడికి తన్నేస్తున్నాడు. గోలు కొట్టినవాణ్ణి అందరూ భుజాలకెత్తుకున్నారు. మావాణ్ణి పలకరించినవాడు లేడు. తండ్రిని కదా, మనసు చివుక్కుమంది.

"వచ్చిన బంతినల్లా దానం చేస్తావేమిరా?" అన్నాను దారిలో.

వాడు నవ్వాడు. "వాడు ఉన్నచోటికి కాదు నాన్నా, రాబోయే చోటికి ఇచ్చాను. బంతి అందాక ఆలోచిస్తే అప్పటికే ఎవడో అడ్డొస్తాడు, అందకముందే చూసుకోవాలి. ఇచ్చేసి ఊరుకోకూడదు, మళ్లీ అందుకోవడానికి ఖాళీ చోటికి పరుగెత్తాలి. ఇది మన హైదరాబాదు ఆటే. రహీం సాబ్ నేర్పింది."

ఇంటికి వచ్చి చదివాను. సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు! ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడే ఆయన కాన్సరుతో కన్నుమూశారు. బంతిని కాలికి అంటిపెట్టుకోరాదనీ, అందిన వెంటనే అందించాలనీ నియమం పెట్టి పోటీలు నడిపేవారట. చేతకాని కాలితోనే ఆడవలసిన పోటీలు కూడానట!

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మా శాఖలో పదిహేనేళ్లుగా ప్రబంధ పాఠం నాదే. కొత్తగా చేరిన లెక్చరరు ఒకామె రెండుసార్లు అడిగింది, ఈ ఏడు తాను చెబుతానని. "ఇంకా అనుభవం రావాలమ్మా" అన్నాను. నిజానికి ఆమెకు అనుభవం లేక కాదు, నాకు మనసు రాక.

సోమవారం నా నోట్సు తీసుకెళ్లి ఆమె చేతికిచ్చాను.

"మరి మీరేం చెబుతారు సార్?" అంది.

ఇచ్చేసి ఊరుకోకూడదు కదా! ఇన్నేళ్లూ ఎలాగో తప్పించుకొన్న వ్యాకరణం తీసుకున్నాను. అది నా చేతకాని కాలు.