ధర్మవరం సంబంధం

డెస్పరేట్ హౌస్‌వైవ్స్ సీరియల్లో మొదటి ఎపిసోడ్‌లోనే మేరీ ఆలిస్ తుపాకీతో కాల్చుకుని చనిపోతుంది. ఆ తర్వాత ఎనిమిది సీజన్లు, 180 ఎపిసోడ్లలో దాదాపు కథంతా మనకు చెప్పేది ఆ చనిపోయిన మనిషే. విస్టీరియా లేన్ అనే ఆ వీధిలో గడ్డి కత్తిరించని ఇల్లు లేదు, గుట్టు లేని ఇల్లూ లేదు. ఆ సీరియల్ 2004 అక్టోబరులో అమెరికాలో ఏబీసీ చానల్లో మొదలై 2012 మేలో ముగిసింది. నేను దాన్ని చూసింది మాత్రం హిందూపురంలో, శని ఆదివారాల్లో, బెంగళూరు మెజెస్టిక్ ఫుట్‌పాత్ మీద కొన్న దొంగ డీవీడీల్లో.

దాన్ని సృష్టించిన మార్క్ చెర్రీ గే. నేనూ గేనే. ఆ సంగతి అప్పటికి నాకు తప్ప ఇంకెవరికీ తెలీదు.

మన సినిమాల్లో నాలాంటివాడు కనిపిస్తే నడుము తిప్పుకుంటూ వస్తాడు, పక్కనున్న కమెడియన్ హడలిపోయినట్టు నటిస్తాడు, హాలంతా ఈలలు. హిందూపురం థియేటర్లో నేనూ నవ్వినాను, ఎవరికైనా అనుమానమొస్తుందేమోనని అందరికంటే గట్టిగా నవ్వినాను. ఈ సీరియల్లో ఆ వీధి గృహిణుల్లో ఒకామె బ్రీ. ఆమె కొడుకు ఆండ్రూ కూడా గేనే, కానీ అట్లాంటి బొమ్మ కాదు. వాడు నిజంగానే చెడ్డవాడు. పక్కింటి ముసలావిణ్ణి కారుతో గుద్ది ఆపకుండా వెళ్ళిపోతాడు, తల్లి బలహీనతలన్నీ లెక్కపెట్టుకుని ఒక్కొక్కటిగా వాడుకుంటాడు. అయినా వాణ్ణి చూసి ఎవరూ నవ్వరు. నాకు అది చాలు. మంచివాడిగా చూపించకపోయినా పర్వాలేదు, మనిషిగా చూపించినారు.

నాలుగో సీజన్లో బాబ్, లీ అనే జంట ఆ వీధిలోకి కాపురానికి వస్తుంది. వాళ్ళతో వీధికి వచ్చిన పెద్ద తగాదా వాళ్ళిద్దరూ మగవాళ్ళని కాదు. ఇంటి ముందు వాళ్ళు పెట్టిన ఫౌంటెన్ గోల గురించి! ఆ ఎపిసోడ్‌ను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసినానో. మా వీధిలో మురుగుకాలువ గురించి జరిగే రభస లాంటిదే అది. మగవాడితో కాపురమున్న మగవాడితో కూడా జనం అట్లాంటి మామూలు విషయానికి పోట్లాడతారని నాకు అంతకుముందు తోచలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ చెనిక్కాయలు వలుస్తూ నా పక్కన వచ్చి కూర్చుంది. అమ్మకు ఇంగ్లీషు రాదు. అప్పుడు నడుస్తున్నది రెండో సీజన్లో, విసిగిపోయిన బ్రీ కొడుకును కార్లో దూరంగా తీసుకుపోయి, బ్యాగు చేతికిచ్చి రోడ్డు పక్కన వదిలేసే ఘట్టం.

‘‘ఆ ఎర్రజుట్టామె కొడుకే కదా వాడు? యాలరా దింపేస్తాంది?’’

‘‘గంజాయి తాగుతాడు లేమ్మా.’’

అది అబద్ధం కాదు, ఆండ్రూ నిజంగానే గంజాయి తాగుతాడు. అందుకే అంత సులభంగా నోట్లోంచి వచ్చింది. అమ్మ చేతిలో ఉన్న గింజలు చాటలో పోసి, ‘‘తాగితే మాత్రం? తల్లయినాక రోడ్డు మీద దింపేసి పోతుందా?’’ అనింది.

అంతకంటే తేలిగ్గా నా సంగతి చెప్పే సందు నాకు మళ్ళీ దొరకలేదు. నేను ఆ మాట విని కూడా వినలేదు. తెరమీద బ్రీని చూసి అమ్మ కూడా ఇట్లే చేస్తుందని తీర్మానించుకున్నాను. చెర్రీ తన సంగతి తల్లికి చెప్పినప్పుడు, నువ్వు హంతకుడివైనా నిన్ను ప్రేమిస్తానన్నట్టు ఆమె మాట్లాడిందట. దాన్నే బ్రీ నోట పెట్టినానని ఆయనే చెప్పినాడు. అంటే బ్రీలో ఉన్నది ఆయన తల్లి. నేను ఆమెను తెచ్చి మా అమ్మ మీద అతికించుకున్నాను.

2009 జూలైలో ఢిల్లీ హైకోర్టు స్వలింగ సంబంధాలను నేరం చేసిన 377 సెక్షన్ మీద మాకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. పేపర్లో ఆ వార్త ఉన్న పేజీ ఇంట్లో ఎవరికీ కనపడకుండా మడిచి పరుపు కింద పెట్టినాను. ఆ తర్వాత ఏడాదే పెనుకొండ మామ ధర్మవరం సంబంధం తెచ్చినాడు.

పట్టుచీరలు నేసే ఇల్లు. ముందు గదిలో గుంత మగ్గం, పైన జకార్డు, గోడవారగా కండెల బుట్ట. మేం వెళ్ళినామని మగ్గం ఆపినారు. సగం నేసిన చీర మీద దుమ్ము పడకుండా పాత పంచె కప్పినారు. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మమ్మల్నిద్దర్నీ మిద్దె మీదికి పంపినారు. ఆ అమ్మాయి సూటిగా అడిగింది: ‘‘మీకు ఇష్టమేనా? ఎవరన్నా బలవంతం చేసినారా?’’ అప్పటికే ఒకరిద్దరు వచ్చి పోయినారని, ఈసారి ముందే తెలుసుకుందామని అడుగుతున్నానని కూడా చెప్పింది. లేదు లేదు, ఇష్టమే అన్నాను.

తాంబూలాలు పుచ్చుకున్నారు. కల్యాణమంటపానికి అడ్వాన్సు కట్టినారు. వాళ్ళింట్లోనే పెళ్ళిచీర మగ్గమెక్కించినారు. పెళ్ళి దగ్గరపడుతున్నకొద్దీ నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం మానేసింది. చివరికి పెనుకొండ మామకు ఫోన్ చేసి, జాతకాలు మళ్ళీ చూపించినాం, కుదరలేదంట అని చెప్పించినాను. వాళ్ళకు ముఖం కూడా చూపించలేదు.

పెళ్ళి చేసుకుని ఆమె జీవితం పాడు చేయలేదు కదా అని చాలా రోజులు నా భుజం నేనే తట్టుకున్నాను. తర్వాత మామ మాటల్లో మాటగా చెప్పినాడు. జాతకాల మాట ధర్మవరంలో ఎవరూ నమ్మలేదు. పిల్లకు మూర్ఛ ఉందంట అన్నారు కొందరు. బెంగళూరులో ఎవరితోనో తిరిగిందంట, అది తెలిసి వాళ్ళు వద్దన్నారంట అన్నారు ఇంకొందరు. ఆ అమ్మాయి బెంగళూరులో కాలు పెట్టిందో లేదో కూడా నాకు అనుమానమే. రెండేళ్ళ పాటు ఆ ఇంటికి ఇంకో సంబంధం రాలేదు.

విస్టీరియా లేన్‌లో ఎవరి గుట్టు ఎన్నాళ్ళు దాగినా సీజన్ చివర తిరిగొచ్చి దాని సొంతదారు మెడకే చుట్టుకుంటుంది. రచయిత ఆ లెక్క తప్పనివ్వడు. మా పక్క ఊర్లలో లెక్క అట్లా ఉండదు. గుట్టు నాది, వీధి కట్టిన కథ మాత్రం ఆమె మీద. ఆండ్రూలో నన్ను వెతుక్కోవడంలో పడి, ఆ సీరియల్ మొత్తం ఆడవాళ్ళ కథేనన్న సంగతి నేను చూడనే లేదు. మగవాళ్ళు దాచిపెట్టినవాటికి వాళ్ళు ఏ మూల్యం చెల్లించుకోవలసి వచ్చిందనేదే అందులో సగం కథ.

2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ తీర్పును కొట్టేసినప్పుడు, నేను నోరు మూసుకోవడమే మంచిదైందని నాకు నేను చెప్పుకున్నాను. 2018 సెప్టెంబరు 6న అదే కోర్టు మళ్ళీ మాట మార్చింది. ఆ నెలలోనే అమ్మకు చెప్పినాను. అమ్మ ఏడ్వలేదు. చాలాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత ఒకే మాట అడిగింది: ‘‘ఆ ధర్మవరం పిల్లకు ఈ సంగతి తెల్సునా?’’

తెలీదని చెప్పినాను. అప్పుడు మాత్రం నా ముఖం వైపు చూడకుండా లేచి వెళ్ళింది.

మరుసటి వారం పెనుకొండకు పోయి మామకు అంతా చెప్పినాను, వాళ్ళకు తెలియజేయమన్నాను. ఆ అమ్మాయికి అప్పటికే పెళ్ళయి బిడ్డలున్నారు, ఇప్పుడు పాత పుండు రేపొద్దన్నాడు మామ. ఆయన మాటలో న్యాయముంది. నాకు వీలుగానూ ఉంది, అందుకే దాన్ని పూర్తిగా నమ్మలేను. సుప్రియో, అభయ్ అనే హైదరాబాదు జంట పెళ్ళి హక్కు కోసం కోర్టుకెక్కితే 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు కాదనింది. ఆ వార్త టీవీలో చూసి అమ్మ వాళ్ళ కోసం బాధపడింది. నాకు గుర్తొచ్చింది మాత్రం పంచె కప్పిన ఆ మగ్గం.

నాలాంటివాళ్ళు ఇది చదువుతుంటే ఒక్కటే అడుగుతాను. మీ సంగతి ఇంట్లో ఎప్పుడు చెప్పుకుంటారో, అసలు చెప్పుకుంటారో లేదో మీ ఇష్టం. పెళ్ళిచూపులకు మాత్రం పోకండి. నాలాంటివాళ్ళు కానివాళ్ళు చదువుతుంటే, ఈసారి ఏ ఊర్లోనైనా సంబంధం తప్పిపోయిందని వినిపించినప్పుడు, దయచేసి పిల్ల గురించి ఆరా తీయకండి.