పిలిస్తే గొలుసుకేనా?



ఉగాది ఇంకా రానే లేదు, ఇక్కడ పులివెందులలో పదింటికే ఎండ చురుక్కుమంటోంది. ఈసారి పాఠకుల నుంచి వచ్చిన జాబుల్లో చీనీ ధరల మాట తక్కువ, కుక్కపిల్లల మాట ఎక్కువ. కార్తీకంలో కుక్కల గోల అందరం విన్నదే. ఆ తర్వాత రెండు నెలలకు, పుష్యంలోనో మాఘంలోనో, ప్రతి సందులోనూ ఒక ఈత. బడి నుంచి వచ్చే పిల్లలు అందులో ఒకదాన్ని చొక్కాలో దాచుకుని తేవడం, అమ్మ తిట్టడం, అవ్వ గిన్నెలో పాలు పోయడం, అన్నీ అయిపోయాయి. ఇప్పుడు ఆ పిల్లకు రెండున్నర, మూడు నెలలు. అందరూ అడిగింది ఒకటే: తాడు విప్పితే పారిపోదు కదా, పిలిస్తే వస్తుందా?

దేనికి పిలుస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. మన తోట కుక్కల సంగతే చూడండి. పొద్దు గూకినాక విప్పుతాం, రాత్రంతా కాపలా. తెల్లారి కూలీలు వచ్చే వేళకు కట్టెయ్యాలి. యజమాని గట్టు మీద నిలబడి "టైగర్, దా దా" అంటాడు. (పులివెందులలో టైగర్లకు కొరత లేదు.) ఒక చెయ్యి ముందుకు చాచి ఉంటుంది, రెండోది వీపు వెనక, అందులో గొలుసు. టైగర్ వస్తుంది. తోక ఊపుతుంది, చెవులు వెనక్కి వాల్చుతుంది, చేతికి అందే చోటుకు సరిగ్గా ఒక మూర ఇవతల ఆగిపోతుంది. ఆయన అడుగు ముందుకేస్తే అది అడుగు వెనక్కేస్తుంది. "చూసినావా దీని పొగరు!" అంటాడు మనతో. పొగరేం లేదు పాపం. "దా" అని విన్న ప్రతి పొద్దూ దానికి పగలంతా గుంజ దగ్గరే గడిచింది. రావొద్దని దానికి నేర్పింది ఆయనే, రోజూ, క్రమం తప్పకుండా.

అన్నట్టు, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో ఈ గుంజ సంగతి కూడా ఉంది. మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువైన గొలుసుతోనో జంతువును అడ్డగోలుగా గంటల తరబడి కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడమూ నేరమే. ఈ రెండో ముక్క మన ఊళ్లలో ఎవరికీ ఎవరూ చెప్పినట్టు లేదు.

సరే, కుక్కపిల్ల దగ్గరికి వద్దాం. ఇంట్లో ఒక మాట అనుకోండి. అవ్వ "దా" అని, పిల్లోడు "కమాన్" అని, మీరు "ఇట్ల రా రా" అని పిలిస్తే దానికి మూడు మాటలు, మూడు అయోమయాలు. నాకైతే "దా" బాగుంటుంది. పొట్టిది, కోపంలో కూడా మరీ కటువుగా పలకదు. ఆ మాటను వంటింట్లో మొదలుపెట్టాలి, తోటలో కాదు. నాలుగడుగుల దూరంలో ఉన్నప్పుడు ఒక్కసారే అనాలి, రాగానే ఉడికిన గుడ్డు ముక్క పెట్టాలి. ముక్క నోటికి అందించే ముందు ఇంకో చేత్తో మెడ బెల్టు పట్టుకుని వదలాలి. ఆ చెయ్యి మెడ దగ్గరికి వస్తే మంచే జరుగుతుందని చిన్నప్పుడే తెలిసిన కుక్క, పెద్దయ్యాక మూర దూరంలో ఆగదు.

తిండి విషయంలో ఒక హెచ్చరిక. పొద్దున మిగిలిన ఉగ్గాని పెడుతున్నామని ఒకరిద్దరు రాశారు. అందులో ఉల్లిపాయ ఉంటుంది, అది కుక్క రక్తానికి చేటు. ద్రాక్ష కూడా వద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి. అయినా అన్నింటికీ తిండే అక్కర్లేదు. కోల్‌కతా ఐసర్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం వీధికుక్కల మీదే ఏళ్ల తరబడి పరిశోధనలు చేస్తోంది. 2017లో వాళ్లు ప్రచురించిన ఒక పరిశీలనలో, ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గరికి వీధికుక్కలు మళ్లీ మళ్లీ రావడానికి తిండి కన్నా తల నిమరడమే ఎక్కువ పనిచేసింది. 2020లో వచ్చిన ఇంకోదానిలో, దగ్గరికొచ్చిన కుక్కల్లో నూటికి ఎనభై దాకా మనిషి వేలు చూపిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. ఎవరూ నేర్పని కుక్కలవి. "మా వీధికుక్కకేం తెలుస్తుంది, లాబ్రడారైతే నేర్చుకునేది" అని రాసిన ప్రొద్దుటూరు మిత్రునికి నా జవాబు ఇదే.

ఆయనే అడిగారు, ఏ వయసులో విప్పాలని. ఇప్పుడే. రెండు నుంచి నాలుగు నెలల పిల్ల మన కాళ్లను వదిలి దూరం పోదు, పోవాలంటే భయం. ఆ భయం ఉండగానే, వెనక్కి తిరిగి మనల్ని చూసుకునే అలవాటు పడాలి. మనమేమో చిన్నదని ఇప్పుడు కట్టేసి, కాళ్లు బలిశాక విప్పుతాం. అయితే టీకాలు ముందు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదటి డోసు, మూడు నాలుగు వారాల ఎడంతో తర్వాతివి, మూడు నెలలకు రేబిస్ టీకా. అవి పూర్తయ్యేదాకా వీధి మట్టి వాసన చూడనివ్వకండి. పార్వో జబ్బు పట్టుకుంటే పిల్ల మిగలడం కష్టం. ఇంటి ఆవరణలోనో, కంచె ఉన్న తోటలోనో తిప్పండి. వీధి నుంచి తెచ్చిన పిల్ల ఆటలో కొరికినా "పిల్ల కదా" అని ఊరుకోవద్దు. సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి.

మా కుక్కపిల్ల నల్లోణ్ణి నేను విప్పేది చీనీ తోటలోనే. చుట్టూ రాతి కూసాలు, వాటికి జాలీ. విప్పే ముందు బావి చుట్టూ, కంచె కింద సందుల్లో చూసుకుంటాను. చుట్టుపక్కల పొలాల్లో అడవిపందుల కోసం ఎవరైనా తీగ లాగారేమో అడిగి తెలుసుకుంటాను. మీరూ అడగండి, మనుషుల ప్రాణాలు కూడా పోయాయి ఆ కరెంటు తీగలకు. ఇక డ్రిప్పు పైపులంటారా, అవి కొరకని కుక్కపిల్లను నేను చూడలేదు. నాలుగు జాయినర్లు జేబులో పెట్టుకుని వెళ్లండి.

నిన్న సాయంత్రం చెట్టు మొదట్లో చీమల వరస మీద ముక్కు ఆనించి కూర్చున్నాడు వాడు. "నల్లోడా, దా" అన్నాను. ఒక చెవి ఇటు తిరిగింది, ముక్కు మాత్రం చీమల మీదే. రెండోసారి పిలవలేదు. పిలిచిన కొద్దీ మాట పలచబడుతుంది. వాడికి వీపు చూపించి, నాలుగడుగులు గబగబా అవతలికి వేసి, గొంతుక్కూర్చున్నాను. అంతే, వెనక నుంచి టపటపమని పాదాల చప్పుడు. డ్రిప్పు తడికి జారి, పొట్ట మీద బురద పూసుకుని, నా మోకాలికి గుద్దుకుని ఆగాడు. బెల్టు పట్టుకున్నాను, గుడ్డు ముక్క పెట్టాను, "పో" అని వదిలేశాను. వదిలేసినందుకు వాడికి నమ్మకం కుదరలేదు. నా మొహం చూశాడు, చీమలను చూశాడు, మళ్లీ నా మొహం చూశాడు. అప్పుడు పోయాడు. పిలిచిన ప్రతిసారీ ఇట్లా వదిలేయాలి. ఇంటికి తీసుకుపోయేటప్పుడు పిలవకుండా, నేనే దగ్గరికి వెళ్లి తాడు తగిలిస్తాను. వాడి వెంట పడి మాత్రం పరుగెత్తను. మనం తరిమితే వాడికి అది ఆట, ఆ ఆటలో గెలిచేది ఎప్పుడూ వాడే.

నమ్మకం చాలకపోతే ఒక ముప్పై అడుగుల సన్న నైలాన్ తాడు కట్టి నేల మీద ఈడ్చుకుంటూ తిరగనివ్వండి. మెడ బెల్టుకు కట్టకండి, ఛాతీ చుట్టూ వచ్చే పట్టీకి కట్టండి. ఆపాలంటే తాడు మీద కాలేసి తొక్కండి. చేత్తో పట్టుకుంటే అరచేయి తోలు లేచిపోతుంది. గొర్రెల మందలు తిరిగే దారుల్లో ఈ తాడు లేకుండా వద్దు. మందను చూసిన కుక్కపిల్లకు గుడ్డూ గుర్తుండదు, మీరూ గుర్తుండరు. గొర్రె కాలు విరిగితే కాపరితో తగువు, కాపరి కుక్క దొరకబుచ్చుకుంటే మీ పిల్ల పని అయిపోయినట్టే. ఆ కాపరి కుక్కను మాత్రం ఒక పూట గమనించండి. మెడకు ఏమీ ఉండదు. ఆయన అస్తమానం దాన్ని పిలవడు, పిలిచినప్పుడు సంకటి ముద్దలో వాటా ఉంటుంది. కొల్లేరు పక్క బాతులు కాసేవాళ్ల దగ్గర జోనంగి కుక్కలూ ఇట్లాగే తాడెరగకుండా పనిచేసేవి.

ఇంకో సంగతి ముందే చెప్పి పెడతాను, మళ్లీ నన్ను తిట్టుకోకండి. ఇప్పుడు చక్కగా వచ్చే పిల్ల వినాయక చవితి నాటికి చెవిటిదైపోతుంది. ఇంగ్లండులో గైడ్ కుక్కలుగా పెంచే పిల్లలను చూసి 2020లో 'బయాలజీ లెటర్స్'లో ఒక వ్యాసం వేశారు. 5 నెలలప్పుడు కూర్చోమంటే కూర్చున్నవి, 8 నెలలకు పెంచినవాళ్లు చెబితే మొండికేశాయి, కొత్తవాళ్లు చెబితే విన్నాయి! ఇంట్లో పదో తరగతి పిల్లలున్నవాళ్లకు నేను వివరించక్కర్లేదు. ఆ మొండితనం పోయేదే. ఆ నెలల్లో ఆ పొడవాటి తాడు మళ్లీ బయటికి తీయండి, చవితి డప్పులూ టపాకాయల రోజుల్లో అసలు విప్పకండి.

ఊళ్లో, కదిరి రోడ్డు లాంటి చోట ఎంత బుద్ధిమంతుడైనా తాడు చేతిలోనే ఉండాలి. మన అజాగ్రత్త వల్ల మన జంతువు మనుషులకు ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

జమ్మలమడుగు నుంచి రాసిన అక్కయ్య గారికి: టీకాలు పూర్తయ్యాక గండికోటకు కుక్కపిల్లను తప్పకుండా తీసుకెళ్లండి, తెల్లవారుజామున అయితే బండలు కాలవు. విప్పడం మాత్రం వద్దు. అక్కడ పెన్న లోయ 300 అడుగుల దాకా ఉంటుంది, అంచున చాలా చోట్ల కంచె లేదు, కోతులు ఉన్నాయి. కోతిని చూసిన పిల్ల అంచు ఎక్కడుందో చూసుకోదు. మైలవరం డ్యాం కింది ఖాళీ నేల గురించి కూడా అడిగారు. అక్కడ మందలు మేసే వేళలేవో కనుక్కుని రాయండి, అప్పుడు చెబుతాను.

ఉంటాను,
పులివెందుల నుంచి మీ నేస్తం