వెదకు పెట్టె – వెనుకకు దారి

సామానులు నిండుగా నున్న యిల్లు వేరు, కావలసిన సామాను వేళకు చేతి కందు నిల్లు వేరు. ఈ భేదము గృహిణు లెఱుగనిది కాదు. దీపము లేకయే చీకటి వంటయింటిలోనికి బోయి ఇంగువ డబ్బా తీయగల యిల్లాండ్రు మనలో నెందఱో గలరు. డబ్బా యెచ్చట నున్నదో వారి చేతికి తెలియును. తీసిన పిమ్మట మరల నెచ్చట నుంచవలెనో యదియు తెలియును. చేతి ఫోనులలో మనము వాడు యాప్‌లకు కావలసినవి ఈ రెండు గుణములే. వెదకినది దొరకవలెను, వచ్చిన త్రోవను మరల వెనుకకు బోగలుగవలెను. మొదటిదానికి సెర్చి బారనియు, రెండవదానికి నావిగేషననియు పేరులు. పేరులు క్రొత్తవి గాని పనులు మన మెఱిగినవే.

మేము ముగ్గురము స్త్రీలము. యాప్‌లను కూర్చుటయు, ఇతరులు కూర్చినవి చెడినప్పుడు బాగుచేయుటయు మా జీవనవృత్తి. కొంతకాలము క్రిందట గోదావరి ప్రాంతమునందలి యొక స్త్రీల సంఘమువారు మాయొద్దకు వచ్చిరి. పచ్చళ్ళు, పొడులు, పిండివంటలు చేసి అమ్ముకొను సంఘమది. వేఱొకరిచేత చేయించుకొన్న యాప్ వారికి గలదు. దానిలో వస్తువులు దొరకుట లేదని, దొరికినను చేజారిపోవుచున్నవని వారి ఫిర్యాదు.

మమ్ము కలచివేసినది ఆ ఫిర్యాదు గాదు. కొనువారు సంఘమునకు ఫోనుచేసి చెప్పిన మాటలను వారు వ్రాసియుంచిరి. వానిలో యాప్ చెడ్డదన్నవారు మిక్కిలి తక్కువ. “నాకు ఈ ఫోను వాడటం చేతకాదమ్మా” అని యొకరు, “అక్షరాలు తప్పు కొట్టానేమో” అని యొకరు, “మా అబ్బాయి వచ్చాక వాడిచేత చూపిస్తా” అని మరియొకరు. యంత్రము చేసిన తప్పును ఆడువారు తమ తలపై వేసికొనుచున్నారు! అత్తవారింట చిల్లిగిన్నె చేతికిచ్చి, పాలు కారిపోయినవని కోడలిని దెప్పినట్లున్నది. ఈ అపవాదును తొలగింపవలెననియే మేము పని కొప్పుకొంటిమి.

మొదట ఆ యాప్‌ను కొందఱు పెద్దవారి చేతి కిచ్చి, ప్రక్కన గూర్చుండి, నోరు మెదపక చూచుచుంటిమి. నోరు మెదపకుండుటయే యందులో కష్టమైన పని. ఒకామె వెదకు పెట్టెను తాకగనే కీబోర్డు క్రిందినుండి లేచి సగము తెరను మ్రింగివేసెను. దొరికిన వస్తువు లన్నియు కీబోర్డు వెనుకనే యున్నవి, ఆమెకు కనబడలేదు, లేవని యనుకొన్నది. 2024లో వచ్చిన ఆండ్రాయిడు 15 మొదలు, ఆ సంచికకై కూర్చిన యాప్‌ల పుట తెరయంచునుండి యంచువఱకు పఱచుకొనును. కీబోర్డు ఎంత మేర నాక్రమించుచున్నదో కూర్చువారే అడిగి తెలిసికొని, జాబితాను పైకి జరుపవలెను. జరిపితిమి, ఆ చిక్కు తీరెను.

రెండవది కొంచెము చిత్రమైనది. మఱొకామె “ఆవకాయ” అని వ్రాసెను. తెరపై ఆవకాయ ఒక క్షణము కనబడి మాయమై, ఆ స్థానమున “ఆ”తో మొదలగునవన్నియు వచ్చి కూర్చుండెను. కారణమేమన, ఆమె వ్రాసిన ప్రతి యక్షరమునకును యాప్ సర్వరునకు వేఱువేఱు ప్రశ్నలు పంపుచున్నది. “ఆ” అను ప్రశ్నకు జవాబు పెద్దది గనుక ఆలస్యముగా వచ్చి, “ఆవకాయ” జవాబును త్రోసివేసినది. ముందు వ్రాసిన యుత్తరము వెనుక వ్రాసినదానికంటె ఆలస్యముగా చేరినచో చదువరి మోసపోవుట లేదా? వేలు నిలిచిన పిమ్మట 300 మిల్లీసెకనులు ఆగి ప్రశ్న పంపునట్లును, ప్రతి ప్రశ్నకు నొక అంకె నిచ్చి కడపటి యంకె జవాబునే చూపునట్లును మార్చితిమి. సర్వరునకు పని తగ్గినది. చూచువారికి తొట్రుపాటు తప్పినది.

ఇక మైసూరుపాకు సంగతి. దీనిని గూర్చి కొంచెము విస్తరించి వ్రాయకతప్పదు.

సంఘములో అందఱికంటె పెద్దయైన మామ్మగా రొకరు గలరు. మైసూరుపాకు ఆమె వంతు. సంతలోని దుకాణమునందు ఆమె పాకము మధ్యాహ్నమునకే చెల్లిపోవును. యాప్‌లో మాత్రము మొదటినుండియు ఒక్క పొట్లమైనను పోలేదు. వచ్చిన డబ్బును అమ్మకమునుబట్టి పంచుకొను సంఘము గనుక ఆమె భాగము సన్నగిల్లినది. వచ్చే నెలనుండి ఆ వస్తువును జాబితానుండి తీసివేయుదమని సభ్యులు కొందఱు మెల్లగా ననుకొనుచుండిరి. మామ్మగారికి సంగతి చూచాయగా తెలిసినది. మేము పోయిననాడు ఆమె, “ఏమోనమ్మా, వయసు మీద పడింది. నా చేతి పాకంలోనే ఏదో తగ్గిందేమో” అనిరి. నెయ్యి కారుచున్న ముక్క నొకటి మాకు పెట్టిరి గూడ. తగ్గినదేమియు లేదని నోటికి తెలిసిపోయినది.

మేము “మైసూరుపాకు” అని వెదకితిమి. “ఏమియు లేదు” అని వచ్చినది. జాబితాను వ్రేలితో క్రిందికి నడుపుకొని పోగా అది అచ్చటనే యున్నది! అక్షరమున కక్షరము సరిగా నున్నది. కంటికి భేదము కనబడదు.

కంప్యూటరు అక్షరములను రూపముచేత గాక సంఖ్యలచేత గుర్తించును. ప్రపంచ భాషల కన్నిటికి నిట్లు సంఖ్యలు కట్టిన యేర్పాటునకు యూనికోడు అని పేరు. 1991లో వెలువడిన దాని మొదటి సంచికలోనే తెలుగునకు చోటు దొరకినది. అందు ఐత్వమునకు ఒక సంఖ్య గలదు. అయితే ఎత్వమునకు వేఱుగ నొక సంఖ్యయు, ఐత్వమున క్రింద వచ్చు భాగమునకు వేఱుగ నొక సంఖ్యయు గూడ గలవు. కావున “మై” అను నక్షరమును రెండు విధముల వ్రాయవచ్చును. తెరపై రెండును ఒక్కటే. యంత్రమునకు మాత్రము వేఱు. సంఘమువారి ధరల పట్టికను పూర్వ మొక ముద్రణాలయములో పాత అక్షరములతో కూర్చియుండగా, దానినే మార్చి యాప్‌లోని కెక్కించిరి. ఆ మార్పులో ఐత్వము రెండు ముక్కలైనది. కొనువారి కీబోర్డులు ఒకే ముక్కగా వ్రాయును. కావున ఎందఱు వెదకినను మామ్మగారి మైసూరుపాకు దొరకనే దొరకదు.

ఈ రెండు రూపములు సమానములని యూనికోడువారే నిర్ణయించి, రెంటిని నొక్క రూపునకు దెచ్చు పద్ధతిని గూడ నేర్పఱచియున్నారు. జాబితాలోని పేరులకును, వెదకు పెట్టెలో పడిన మాటలకును ఆ పద్ధతిని ముందుగా నన్వయించి, పిమ్మట పోల్చవలెను. పని చిన్నది, కొన్ని పంక్తుల వ్రాత. “మిక్స్‌చరు” వంటి మాటలలో పొల్లు నిలుచుటకై కంటికి కనబడని గుర్తు నొకదానిని చేర్చుదురు. పోల్చునపు డదియు నడ్డు గనుక తీసివేసితిమి. ఆ సాయంకాలమే మామ్మగారిచేత వెదకించితిమి. తన పేరుతో సహా పొట్లము తెరపై కనబడగనే ఆమె కండ్లజోడు సవరించుకొని, “ఇన్నాళ్ళూ ఇది ఇక్కడే ఉందా?” అని మాత్రమనిరి. ప్రక్కనున్న సభ్యులు మాటాడలేదు.

యంత్రమునకు కన్ను లేదు సరే, వ్రాయు చేతులు మాత్రము నానావిధములు. “చేగోడీలు” అని యొకరు, “చెగోడీలు” అని యొకరు. “పూతరేకులు” కలిపి యొకరు, విడదీసి యొకరు. పై దేశములలో చదువుకొను పిల్లలు ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయుదురు. అక్షరభేదముల లెక్కకు 1965లో రష్యా గణితజ్ఞుడు లెవెన్‌స్టీను చెప్పిన పద్ధతి గలదు: ఒక మాటను మఱొక మాటగా మార్చుటకు ఎన్ని యక్షరములు చేర్చవలెను, తీయవలెను, మార్చవలెనని లెక్కించుట. మంచి పద్ధతియే గాని గ్రుడ్డిగా నమ్మరాదు. దాని లెక్కలో “పప్పు”నకు “ఉప్పు”నకు నొక్క యక్షరమే దూరము! పప్పు అడిగినవారికి ఉప్పు చూపుట యే యింటి మర్యాద? కావున చిన్న మాటలకు సరియైన రూపమునే కోరి, పెద్ద మాటలకు మాత్రము ఒక అక్షరము సడలించితిమి.

అక్షరము సరియైనను మాటయే వేఱగుట మరియొకటి. కోస్తాలోని కజ్జికాయలు తెలంగాణములో గరిజెలు. జంతికలు కొన్ని సీమలలో చక్రములు, కొన్నిట మురుకులు. చెక్కలు రాయలసీమలో నిప్పట్లు. హైదరాబాదునుండి “తొక్కు” అని వెదకిన సోదరికి పచ్చడి చూపలేని పెట్టెను తెలుగుపెట్టె యనవచ్చునా? ఇచ్చట గణితము పనికిరాదు. సంఘసభ్యులనే కూర్చుండబెట్టి, పుట్టింటి మాట, మెట్టినింటి మాట అడిగి, పర్యాయపదముల పట్టిక వ్రాయించితిమి. ఆ మధ్యాహ్నము జరిగినంత వాదము మా వృత్తిలో మేమెన్నడును వినలేదు.

వెనుకకు దారి సంగతి క్లుప్తముగా చెప్పెదము. యాప్‌లోని పుటలు పళ్ళెముల దొంతర వంటివి; కడపట పెట్టినదే మొదట తీయవలెను. ఆ యాప్‌లో నట్లు జరుగలేదు. ఒక వస్తువును చూచి వెనుకకు వచ్చినచో వెదకిన మాట చెరగిపోయి జాబితా మొదటికి పోవుచుండెను. తొందరలో మీటను రెండుమార్లు తాకినచో ఒకే పుట రెండుమార్లు దొంతర కెక్కుచుండెను. అన్నిటికంటె ఘోరము, డబ్బు చెల్లించిన పిమ్మట వెనుకకు పోయినచో మరల చెల్లింపు పుటయే యెదుట నిలుచుచుండెను. రెండవమారు డబ్బు పోవునని భయపడి యాప్‌నే తీసివేసిన సోదరి యుదంతము సంఘమువారి పుస్తకములో నున్నది. ఆమె తొందరపడినదని మేమనము. మేమైనను అదే చేసియుందుము. చెల్లింపు ముగియగనే ఆ పుటలను దొంతరనుండి తీసివేయునట్లు చేసితిమి. వెదకిన మాటను, జాబితాలో చూచుచున్న చోటును యాప్ జ్ఞాపకముంచుకొనును. వెనుకకు మొదటిసారి పోగా కీబోర్డు దిగును, పిమ్మట పుట మారును.

ఈ వెనుకకు పోవు మార్గము గూడ అన్ని ఫోనులయందు నొక్కటి గాదు. 2007లో వచ్చిన మొదటి ఐఫోను నాటినుండియు దానికి వెనుక మీట లేదు. 2019లోని ఆండ్రాయిడు 10 మొదలు ఆ ఫోనులలోను తెర ప్రక్కయంచునుండి వ్రేలు జరిపి వెనుకకు పోవు పద్ధతి వచ్చినది. ప్రక్కకు జరుపవలసిన బొమ్మల వరుసను యాప్‌లో తెర యంచునకు తాకించినచో, బొమ్మ జరుపబోయి పుటయే జారిపోవును. ఆ వరుసను లోనికి జరిపితిమి.

పైమూలనున్న మూడు గీతల గుర్తును 1981లో జిరాక్సు స్టార్ అను కంప్యూటరుకొఱకు నార్మ్ కాక్స్ అను చిత్రకారుడు గీసెను. అందమైనదే. కాని మేము చూచిన పెద్దవారిలో దానిని తాకినవారు లేరు. అది బొమ్మయనియే తలచిరి. దానిలో దాగియున్న వాకిళ్ళను తెర యడుగునకు దెచ్చి, “వెదకుము”, “సంచి”, “నా ఆర్డర్లు” అని తెలుగులో పేరులు వ్రాసితిమి. ఒక్కొక్క మీట గూగులువారు సూచించినట్లు ఇంచుమించు 9 మిల్లీమీటర్లకు తగ్గకుండ నుంచితిమి. చూపులేనివారికి తెరను చదివి వినిపించు సాధనము భూతద్దపు బొమ్మను “వెదకుము” అని పలుకునట్లు దానికిని పేరు పెట్టితిమి. పేరు లేనిచో ఉత్త “బటన్” అని మాత్రమే పలుకును.

“ఏమియు లేదు” అను పుటను మాత్రము తీసివేసితిమి. దాని బదులు దగ్గఱి వస్తువులను చూపి, సంఘమువారి ఫోను నంబరు నిచ్చితిమి. దొరకని మాటలను, వెదకినవారి పేరు లేకుండ, ఒక పట్టికగా చేర్చునట్లును ఏర్పాటుచేసితిమి. సంఘమువారు ప్రతి సోమవారము దానిని చదువుకొందురు. పోయినవారము అందు “భక్ష్యాలు”, “ఓళిగలు”, “బొబ్బట్లు” అని మూడు మాటలు మూడు ప్రాంతములవారు వ్రాసినవి కనబడినవట. మూడును ఒక్కటేనని, వానిని చేయువారు సంఘములో నింతవఱకు లేరని చదివిన పిల్ల చెప్పినది. మామ్మగారు, తాను చేయుదుననియు, మంచి బెల్లము తెప్పించుమనియు ఆ పూటనే చెప్పిరట.