కాళ్లు కడుక్కుని దక్షిణానికి

ఉషువాయా గురించి ఎక్కువ చెప్పను. అర్జెంటీనా అడుగున, మంచుకొండలకీ బీగిల్ జలసంధికీ మధ్య ఇరుక్కున్న ఊరు. పెద్ద వీధి పొడవునా చలికోట్ల దుకాణాలే. 1947లో మూసేసిన జైలు ఇప్పుడు మ్యూజియం. ఒకప్పుడు ఖైదీలు కట్టెలు తెచ్చిన చిన్న రైలు దారిలో ఇప్పుడు యాత్రికుల్ని తిప్పుతున్నారు. అంటార్కిటికాకు వెళ్లే విహారనౌకల్లో చాలా భాగం ఈ రేవు నుంచే కదులుతాయి. మా టిక్కెట్లు కొన్నది మా అమ్మాయి. ధర ఎంతో మా ఆవిడకి నేను ఇప్పటికీ చెప్పలేదు.

సాయంత్రం ఓడ తూర్పుకి తిరిగింది. ఎడమ గట్టు అర్జెంటీనా, కుడి గట్టు చిలీ. ఈ జలసంధికి పేరిచ్చిన బీగిల్ ఓడ గురించి, అందులో తిరిగిన డార్విన్ గురించి ఓడలో మంచి ఉపన్యాసమే పెట్టారు. అదే ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ 1830లో ఇక్కడి మనుషులు నలుగురిని ఇంగ్లండుకు తీసుకుపోయాడనీ, వాళ్లలో ఒకడు మశూచి సోకి అక్కడే చచ్చిపోయాడనీ మాత్రం నేను లైబ్రరీలో పుస్తకం తీసి చదువుకోవాల్సి వచ్చింది. కుడి గట్టున ప్వెర్టో విలియమ్స్ దీపాలు కనిపించేసరికి అందరూ భోజనాల దగ్గరున్నారు. పడవల్లోనే నిప్పు రాజేసుకుని ఈ నీళ్ల మీద బతికిన యాగన్ జాతివాళ్లలో, ఆ భాష పుట్టుకతో వచ్చిన ఆఖరి మనిషి క్రిస్టినా కాల్డెరాన్ ఆ ఊరి పక్కనే ఉండేది. 2022 ఫిబ్రవరిలో పోయింది. మైకులో ఆ రాత్రి వినిపించిన ప్రకటన ఒక్కటే: రేపట్నుంచి సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, మాత్రలు వేసుకోండి.

జలసంధి దాటాక, ఓడకు దారి చూపే పైలట్ దిగిపోయాడు. అక్కణ్ణుంచి డ్రేక్ పాసేజ్. దక్షిణ అమెరికా కొమ్ముకీ సౌత్ షెట్లాండ్ దీవులకీ మధ్య 800 కిలోమీటర్ల నీళ్లు. ఈ అక్షాంశాల్లో అడ్డుపడే నేల లేదు. పడమటి గాలి భూమి చుట్టూ తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది, దాని కింద ప్రపంచంలోకెల్లా పెద్ద సముద్రప్రవాహం. నడవాల్లో పట్టుకునే కమ్మీలకి వరసగా కాగితపు సంచులు గుచ్చారు, ఎందుకో మధ్యాహ్నానికల్లా అందరికీ తెలిసింది. ఇద్దరు వంటవాళ్లు తీర్చిదిద్దిన బల్ల దగ్గర పది మంది కూడా లేరు. మా ఓడలో గదికో బట్లరు, ఆవిరిగది, మర్దన, వేణ్ణీళ్ల తొట్టి ఉన్నాయి. దిండ్లకు కూడా మెనూ ఉంది. మా ఆవిడ మెత్తటి దిండు ఎంచుకుని, రెండు రోజులూ దాన్ని కావిలించుకునే ఉంది.

గదిలో హీటరు మొరాయిస్తే సరిచేయడానికి ఓ కుర్రాడు వచ్చాడు. "ఈ చలికి చచ్చిపోతానేమోనండీ" అని మా ఆవిడ నాతో అంటోంటే, పానా పక్కనబెట్టి, "ఒక్క నిమిషం ఆగండి పిన్నిగారూ, వచ్చేత్తాది వేడి" అన్నాడు. ఏ ఊరు నాయనా అంటే, "ఆయ్, కాకినాడ పక్కనేనండి" అన్నాడు. ఇంజను విభాగంలో చేస్తున్నాడు. ఆ తర్వాత వీలు దొరికినప్పుడల్లా పలకరించేవాడు. ఈ వ్యాసంలో పనికొచ్చే మాటలు కొన్ని అతనివే.

రెండో రోజు మధ్యాహ్నం పెద్ద హాల్లో తనిఖీ. ఒడ్డున తొడగబోయే ప్రతిదీ తేవాలి. కోటు జేబులు, అంచులు, అంటుకునే పట్టీలు వాక్యూమ్ గొట్టంతో పీలుస్తారు, సందుల్లో మిగిలిన వాటిని పట్టుకారుతో ఏరతారు. మా ఆవిడ చేతిసంచి మడతలోంచి ఒక ఆవగింజ బయటపడింది. ఓ డెన్మార్కు అమ్మాయి దాన్ని వెలుతురులో పెట్టి చూసి, డబ్బాలో వేసి మూత పెట్టింది. అతి అనుకోకండి. ఆ ఖండంలో సొంతంగా పూసే మొక్కలు రెండే రెండు జాతులు. బయటి నుంచి మనుషుల వెంట వచ్చిన మామూలు పచ్చిక కింగ్ జార్జ్ దీవిలో ఇప్పటికే వేళ్లూనింది. 2024 ఆరంభంలో అంటార్కిటిక్ ద్వీపకల్పంలోని స్కువా పక్షుల్లో బర్డ్ ఫ్లూ కూడా తేలింది. అందుకే ఒడ్డున కూర్చోకూడదు, మోకాలు ఆనించకూడదు, సంచి కింద పెట్టకూడదు. దిగేముందు ఒకసారి, ఎక్కాక ఒకసారి బూట్లు మందునీళ్లలో ముంచి బ్రష్షుతో తోమాలి. గుడికి వెళ్లేముందు కాళ్లు కడుక్కున్నట్టు నేనూ భక్తిగానే తోముకున్నాను.

సౌత్ షెట్లాండ్ దీవుల్ని 1819లో విలియం స్మిత్ అనే వర్తకనౌక కెప్టెన్ చూశాడు. ఆ కబురు పొక్కగానే తోలు కోసం సీల్ జంతువుల వేటగాళ్లు దిగారు. నాలుగైదేళ్లలో ఒడ్డున చంపడానికి సీళ్లు దాదాపు మిగల్లేదు. ఆ ఖండాన్ని మనుషులు మొదటిసారి చూసింది 1820లో, అంటే పటం గీయడమూ వేటా ఒకేసారి మొదలయ్యాయి. మిగతా దీవుల్ని నేను డెక్ మీంచి చూసి ఊరుకున్నాను. చెప్పాల్సింది డిసెప్షన్ దీవి గురించి.

అది నీళ్లలో మునిగిన అగ్నిపర్వతపు నోరు. గుర్రపు లాడంలా చుట్టూ కొండ, ఒకచోట మాత్రం సందు. ఆ సందుకి నెప్ట్యూన్స్ బెలోస్ అని పేరు. మధ్యలో నీటికింద ఓ బండ దాక్కుని ఉంటుంది కాబట్టి ఓడ ఒక పక్క కొండను రాసుకుంటున్నంత దగ్గరగా పోతుంది. బ్రిడ్జి మీదికి మమ్మల్నీ రానిచ్చారు, మాట్లాడొద్దన్నారు. లోపలికి వచ్చాక గాలి ఆగిపోయింది. నల్ల ఇసుక, దాని అంచున ఆవిరి, గంధకం వాసన. తీరం పొడవునా తుప్పుపట్టిన పెద్ద పెద్ద చమురు ట్యాంకులు, బాయిలర్లు, కూలిన షెడ్లు. వేలర్స్ బే.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తిమింగలాల వేటగాళ్లు ఫ్యాక్టరీ ఓడల్ని తెచ్చి ఈ నీళ్లలో నిలిపేవాళ్లు. చచ్చిన తిమింగలాన్ని ఓడ పక్కకు కట్టి, పైకొవ్వు మాత్రం ఒలుచుకుని, మిగతా కళేబరం నీళ్లకే వదిలేసేవాళ్లు. అలా వదిలేసినవాటిని ఉడికించి కూడా చమురు తియ్యొచ్చని 1912లో హెక్టర్ అనే నార్వే కంపెనీ ఒడ్డున ఈ కర్మాగారం పెట్టింది. ఆ చమురుతో యూరప్‌లో సబ్బులు చేశారు, మార్గరీన్ చేసి రొట్టెకు రాసుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో దాన్నుంచి తీసిన గ్లిసరిన్ పేలుడు పదార్థాలకు వెళ్లింది. 1931లో ధరలు పడిపోయాయి. పైగా తిమింగలాన్ని వెనకనుంచి ఏకంగా డెక్ మీదికే లాగగల ఓడలు వచ్చేశాయి. ఇక ఒడ్డుతో పని లేదు కాబట్టి ట్యాంకులు ఉన్నవి ఉన్నట్టే వదిలేసి పోయారు. దక్షిణార్ధగోళంలో గత శతాబ్దంలో చంపిన తిమింగలాలు సుమారు 20 లక్షలు. ఇక్కడ పనిచేసి చచ్చిపోయిన కూలీలకి ఓ చిన్న శ్మశానం ఉండేది. 1969లో అగ్నిపర్వతం పేలినప్పుడు బురద దాన్ని కప్పేసింది. పక్కనున్న బ్రిటిష్ స్థావరమూ ఆ దెబ్బతోనే ఖాళీ అయింది.

ఇంత తుప్పు ముందు నిలబడితే ఎవరికైనా ఒక ధైర్యం వస్తుంది: మనం వాళ్లలాంటివాళ్లం కాము. గైడు కూడా దాదాపు అదే అన్నాడు. ఒడ్డున ఒకేసారి 100 మందికి మించి ఉండకూడదు. 500 మందికి మించి యాత్రికులున్న ఓడలు అసలు దింపకూడదు. పెంగ్విన్‌కి 5 మీటర్ల దూరం పాటించాలి. దాని దారికి మనం అడ్డం రాకూడదు. ఇవన్నీ నిజం, ఇవన్నీ పాటించారు కూడా. కానీ నేను ట్యాంకుల వైపు చూడ్డం మానేసి వెనక్కి తిరిగి మా ఓడను చూశాను. తెల్లటి ఓడ, దాని పొగగొట్టం మీద సన్నటి గోధుమరంగు పొగ.

సాయంత్రం కుర్రాణ్ణి అడిగాను. "చిక్కటి బంకర్ ఆయిల్ కాదండి బాబాయ్‌గారూ, ఇక్కడ అది నిషేధం. గ్యాస్ ఆయిలే కాలుత్తున్నాం. పొగ తక్కువే. లేదని మాత్రం చెప్పలేనండి." ఆ నిషేధం 2011లో వచ్చింది. మంచి పనే. మరి ఓడ ఆగి ఉన్నప్పుడు? "ఓడ ఆగినా జనరేటర్లు ఆగవండి. వేడి, వేణ్ణీళ్లు, లాండ్రీ, వంట, అన్నీ వాటి మీదే కదండి." పైగా చాలాచోట్ల లంగరు వెయ్యరట. అడుగునున్న జీవాలు నలుగుతాయని, ఇంజన్లతోనే ఓడను ఉన్నచోట నిలబెడతారు. సముద్రపు అడుగు మీద దయతో ఆకాశంలోకి పొగ!

2022లో చిలీలోని సాంటియాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో ఒక అధ్యయనం అచ్చయింది. అంటార్కిటికాలోని పరిశోధన స్థావరాల చుట్టూ, యాత్రికులు దిగే చోట్ల మంచు తీసి, అందులో మసి ఎంతుందో కొలిచారు. మసి పడ్డ మంచు ఎండను తిప్పికొట్టదు, తాగేస్తుంది, త్వరగా కరుగుతుంది. 2016-20 మధ్య వచ్చిన ఒక్కో యాత్రికుడి వాటాకి కరిగిన మంచు సుమారు 83 టన్నులని వాళ్లు లెక్కకట్టారు. అంటే మా గదికి 166. ఆవగింజను పట్టుకారుతో ఏరిన చోట ఈ లెక్క ఎవరూ గోడకు అంటించలేదు. హైదరాబాదు నుంచి ఉషువాయా దాకా మూడు విమానాలు మారిన పొగ ఇందులో లేదు.

రాయబారులు అనే వాదన ఒకటుంది. ఒకసారి ఈ మంచును చూసినవాళ్లు జీవితాంతం దీని తరఫున మాట్లాడతారట. అమెరికాలో స్థిరపడ్డ లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్ 1966లో తన మొదటి యాత్రికుల్ని తెచ్చినప్పటి నమ్మకం ఇదే. ఆయనప్పుడు తెచ్చింది కొన్ని పదుల మందిని. 2023-24 సీజన్లో వచ్చినవాళ్లు 1,20,000 పైచిలుకు. ఇంతమంది రాయబారులుంటే ఈపాటికి ఏదో ఒక దేశపు మంత్రి కంగారుపడి ఉండాలి. భోజనాల బల్ల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఆర్కిటిక్ ఎలుగుబంట్లనీ గలపాగోస్ తాబేళ్లనీ చూసేశాడు. వచ్చే ఏడు ఐస్‌బ్రేకర్ ఎక్కి సరిగ్గా ఉత్తరధ్రువం మీదికే వెళ్తాడట.

ఇక చట్టం సంగతి. 1959 అంటార్కిటిక్ ఒప్పందం, 1991 మాడ్రిడ్ ప్రొటోకాల్ ఈ ఖండాన్ని సైన్యాల నుంచీ గనుల నుంచీ కాపాడాయి. గొప్ప సంగతే. కానీ ఏడాదికి మొత్తం ఇంతమందే రావాలన్న పరిమితి ఎక్కడా లేదు. రోజువారీ యాత్ర నడిపే పద్ధతులు చూసుకునేది ఐ.ఎ.ఎ.టి.ఓ. అనే సంఘం. 1991లో యాత్రాసంస్థలు తమకు తామే పెట్టుకున్నది. ఏ ఓడ ఏ రోజు ఏ తీరానికి వెళ్లాలో వాళ్లే ముందుగా పంచుకుంటారు, దాంతో ఒకరి ఓడ ఇంకొకరి కంట పడదు. ఏకాంతం కూడా టైంటేబుల్ ప్రకారమే. 2024 మేలో ఒప్పంద దేశాల 46వ సమావేశం మన కొచ్చిలో జరిగింది. పర్యాటకానికి ఒక సమగ్రమైన నియమావళి తయారుచేసే పని అక్కడ మొదలైంది. మైత్రి, భారతి స్థావరాలు ఖండానికి ఇంకో వైపున నడుపుతున్న మన దేశానికి ఆ బల్ల దగ్గర ఓటుంది. అయితే ఆ సభలో ప్రతి నిర్ణయమూ ఏకాభిప్రాయంతో జరగాలి. ఒక్క దేశం తల అడ్డంగా ఊపితే చాలు, మళ్లీ ఏడాది ఆగాలి. నన్నడిగితే, ముందు మనుషుల సంఖ్యకి హద్దు పెట్టాలి, ఆ తర్వాతే బూట్ల సంగతి. అప్పుడు మాలాంటివాళ్లకి చీటీ రాకపోవచ్చు. రాకపోతే రాకపోయింది.

ప్రమాదాలు జరగవనీ కాదు. 1989లో యాత్రికులతో సహా వెళ్తున్న బాహియా పరైసో అనే అర్జెంటీనా నౌక అమెరికా వాళ్ల పామర్ స్థావరం దగ్గర రాయికి కొట్టుకుని, సుమారు 6,00,000 లీటర్ల డీజిల్ ఒలికిపోయింది. లిండ్‌బ్లాడ్ కట్టించిన ఎర్ర ఓడ ఎక్స్‌ప్లోరర్ 2007 నవంబరులో కింగ్ జార్జ్ దీవి దగ్గర మంచుకు తగిలి మునిగింది. అందులోని 154 మందినీ దగ్గర్లో ఉన్న నార్వే ఓడ ఎక్కించుకుంది. దగ్గర్లో ఓడ ఉండటం వాళ్ల అదృష్టం.

జెర్లాష్ జలసంధిలో తిమింగలాలు కనిపించాయి. ఒకటీ రెండూ కాదు, ఎటు చూసినా చిమ్మే ఆవిరే. హంప్‌బ్యాక్ జాతి నిజంగానే కోలుకుంది. వాటి తిండి క్రిల్, వేలెడంత రొయ్యలాంటి జీవి. ఆ క్రిల్ కోసమే వచ్చే ట్రాలర్లు కూడా ఈ నీళ్లలోనే తిరుగుతాయి. పట్టినదాన్ని పెంపుడు చేపల మేతగా, ఒమేగా-3 గుళికలుగా అమ్ముతారు. ఏడాదికి 6,20,000 టన్నులు దాటకూడదన్న హద్దు ఉంది. 2025లో సీజను ముగియకముందే ఆ హద్దు మొదటిసారి నిండిపోయి వేట ఆపాల్సి వచ్చింది. తిమింగలాల నుంచి నూనె తీసే దుకాణం మూసి, వాటి తిండి నుంచి నూనె తీసే దుకాణం తెరిచామన్నమాట.

పోర్ట్ లాక్రాయ్‌లో బ్రిటిష్ వాళ్ల బుల్లి పోస్టాఫీసు ఉంది, కార్డులు రాశాం. చుట్టూ జెంటూ పెంగ్విన్లు. ఆ పోస్టాఫీసున్న దీవిలో సగం భాగం యాత్రికులకు మూసేసి, తిరిగే భాగంలోనూ మూసిన భాగంలోనూ పిల్లలెన్ని బతుకుతున్నాయో పోల్చి లెక్కిస్తున్నారు. ఈ దారి మొత్తంలో నాకు బాగా నచ్చిన పని అదే.

దాని కింద లెమేర్ చానెల్. 11 కిలోమీటర్ల పొడవు, రెండు వైపులా నిట్టనిలువు కొండలు. బెల్జికా ఓడలో వచ్చిన జెర్లాష్, కాంగోలో బెల్జియం రాజు కొలువు చేసిన ఒక అధికారి పేరు దీనికి పెట్టాడు. అది దాటితే వెర్నాడ్‌స్కీ స్థావరం. అది బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉన్నప్పటి కొలతలు 1985లో ఓజోన్ రంధ్రాన్ని బయటపెట్టడానికి తోడ్పడ్డాయి. ఇంకా కిందికి పోతే అంటార్కిటిక్ వలయం. కరపత్రం మీద పెద్దక్షరాలతో వేసింది ఆ వలయం పేరే. మేం వెళ్లేసరికి చానెల్ మధ్యలో మంచు దిబ్బకట్టి ఉంది. కెప్టెన్ గంటసేపు చూసి ఓడను వెనక్కి తిప్పాడు. ఆయన చేసింది ముమ్మాటికీ సరైన పని.

రిసెప్షన్ దగ్గర నలుగురైదుగురు గొడవకు దిగారు. వలయం దాటిస్తామంటేనే డబ్బు కట్టామన్నారు. అక్కడి అమ్మాయి ఒప్పందంలోని చిన్న అక్షరాలు చూపించి, బదులుగా చల్లనీళ్లలో దూకే కార్యక్రమం ఉందని, ఆ తర్వాత ఆవిరిగది ఉచితమని చెప్పింది. సగం మంది అటు వెళ్లారు. వలయం దాటినవాళ్లకిచ్చే సర్టిఫికెట్లు మా పేర్లతో ముందే అచ్చయిపోయాయట. "వాటినేం చేశారు?" అని కుర్రాణ్ణి అడిగాను. "మీ కాగితాలు కాల్చేశారండి, ఇన్సినరేటర్లో. వచ్చే ట్రిప్పువాళ్లవి ఇయ్యాల అచ్చేత్తన్నారు."