మా పాత పాటను సరిదిద్దిన విధము

గడచిన వేసవి సెలవులలో మేమొక చిన్న పని పూనుకొంటిమి. ఇరువది యేండ్లకు పూర్వము అద్దెగదిలో రికార్డు చేసిన యొక పాటను వెదకి తీసి, అందలి ధ్వనుల కూర్పును సరిదిద్దుటయే యా పని. పని చిన్నదే గాని అది మాకు నేర్పిన పాఠము చిన్నది కాదు. అందుచేత దానిని మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును విన్నవింపనెంచితిమి.

2003వ సంవత్సరమున మేము ఉపాధ్యాయ శిక్షణ పొందుచు, దిల్‌సుఖ్‌నగరులో నొక మేడమీది గదిలో ముగ్గురు మిత్రులతో కలిసి యుంటిమి. ఆనాడు ఆ దారిని మెట్రో రైలు లేదు. అమీర్‌పేట నుండి ఎల్‌.బి.నగరు వరకు అది నడువనారంభించినది 2018 సెప్టెంబరు 24వ తేదీన. బస్సుల రద్దీయు, వసతిగృహములును, కోచింగు కేంద్రముల బోర్డులును అప్పుడును గలవు. గడ్డిఅన్నారపు పండ్ల బజారునకు పోవు లారీల మ్రోత రాత్రివేళ మా కిటికీ వరకు వినవచ్చెడిది. ఆ బజారు నేడచ్చట లేదు.

మా నలుగురిలో నొకరు పాడువారు, ఒకరు హార్మోనియము, ఒకరు తబలా, మేము గిటారు. తబలా మిత్రుడు మాకంటె రెండేండ్లు పెద్దవాడగుటచే ఆయనను “అన్నా” యని పిలుచుచుంటిమి. మేమే కట్టుకొన్న పాట యొకటి యుండెను. దానిని రికార్డు చేయవలెనని మాకు గొప్ప యుత్సాహము కలిగెను.

పూర్వము గ్రామఫోను కాలమున, 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన దినములలో, మైకు లేదు. గాయకులు ఒక పెద్ద బాకా యెదుట నిలిచి పాడెడివారు. ధ్వని హెచ్చుగా గల వాద్యమును వెనుకకును, తక్కువగా గల దానిని ముందుకును జరుపుటయే ఆనాటి కూర్పు. మాకో, కంప్యూటరు కలదు; మైకు మాత్ర మొక్కటియే. కనుక ముందుగా మేము గిటారు వాయించితిమి. తక్కిన మువ్వురును చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, ఆ గిటారును వినుచు, ఒకరి తరువాత నొకరు తమ తమ భాగములను వేరువేరు ట్రాకులలో నింపిరి.

అన్నియు కలిపి వినగా తబలా వెనుకబడుచుండెను. ప్రతి దెబ్బయు గిటారు తరువాతనే పడుచుండెను. ఆయన మరల వాయించెను. మరల నట్లే యాయెను. “తమ్మీ, నేను సరిగానే వాయించుచున్నాను” అని ఆయన మెల్లగా చెప్పెను. మేము వినలేదు. “అన్నా, తాళము నిలుపలేనివారు తబలా యేల పట్టవలెను?” అని పదిమంది యెదుట నంటిమి. ఆయన మారుపలుకక తబలాకు గుడ్డ చుట్టి తీసికొనిపోయెను. ఆ నెలలోనే వేరొక గదికి మారెను. పరీక్షలైన పిమ్మట ఎవరి దారి వారిది. మా బృందము అంతటితో ముగిసెను.

ట్రాకులను దాచిన సీడీ యొకటి మా పెట్టెలో మిగిలెను. ఈ వేసవిలో దానిని కంప్యూటరున కెక్కించి, ధ్వనుల అలలను తెరమీద పెద్దవిగా చేసి చూచితిమి. పాట మొదట మేము గిటారు చెక్కమీద నాలుగు దెబ్బలు కొట్టి యుంటిమి. వాటితోపాటు గాయకుడు చిటికెలు వేసెను. హార్మోనియము వారు పెట్టెను తట్టిరి. అన్న తబలా మీద కొట్టెను. గిటారు దెబ్బకు తబలా దెబ్బ సుమారు 0.12 సెకను వెనుక నున్నది. చిటికెయు 0.12 సెకను వెనుకనే! హార్మోనియమును అంతే! పాట చివర చూచితిమి, అచ్చటను అంతే.

మా చేతులు చల్లబడెను. మనుష్యుడు తాళము తప్పినచో ఒకచోట హెచ్చుగను, ఒకచోట తక్కువగను తప్పును. ముగ్గురు మనుష్యులు మొదటినుండి తుదివరకు సమానముగా తప్పుట యెట్లు? తప్పినది కంప్యూటరు. తపాలా బంట్రోతు సంచి నిండువరకు ఆగి బయలుదేరునట్లు, కంప్యూటరు ధ్వనిని కొంచెము కొంచెముగా పోగుచేసికొని పిమ్మట పంపును. వినిపించుటలోను, వ్రాసికొనుటలోను ఆ యాలస్యము కలుగును. గాలిలో ధ్వని సెకనునకు సుమారు 343 మీటర్లు పోవును. కాబట్టి 0.12 సెకను జాగు అనగా, 41 మీటర్ల దూరమున చెరువుగట్టున బట్టలుదుకు దెబ్బ మనకు వినవచ్చుట కగు జాగు. నేటి రికార్డింగు సాధనములలో దీనిని సవరించు నేర్పాటులు గలవు. నాడు మాకది తెలియదు. గాయకుని గొంతు వెనుకబడగా “ఎంత నిదానమైన పాటరా!” యని మెచ్చుకొంటిమి, అదే జాగు తబలాలో వినబడగా మనుష్యుని నిందించితిమి.

ఆ మూడు ట్రాకులను 0.12 సెకను ముందునకు జరిపితిమి. అంతటితో పాట లేచి నిలిచెను.

మిగిలిన పని యోపికతో కూడినది. మన దేశమున విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులు గలది గనుక దాని హోరు గొంతు ట్రాకు అడుగున నుండెను. 80కి దిగువ నున్న ధ్వనులను తగ్గించితిమి. హోరు చాలవరకు పోయెను, గొంతు చెడలేదు. మాటలు స్పష్టముగా వినబడుటకు 2000 మొదలు 4000 ఆవృత్తుల నడుమ నుండు ధ్వనులు ముఖ్యము. ఆ చోటనే మా గిటారు కూర్చుండి యుండెను. నాడు కూర్పు చేసినవారము మేమే గదా! గొంతును పెంచబోగా గోల హెచ్చెను గాని మాట తెలియలేదు. గిటారును ఆ చోట 4 డెసిబెల్లులు తగ్గింపగా, గొంతును ముట్టకయే పదములన్నియు తేటపడెను. గిటారును కొంచె మెడమకును, హార్మోనియమును కుడికిని జరిపి, గొంతును తబలాను నడుమ నుంచితిమి. ధ్వని హెచ్చయినదెల్ల చెవికి బాగున్నట్లే తోచును గనుక, పాత కూర్పును క్రొత్తదానిని సమానమైన ధ్వనితో పోల్చితిమి. రాత్రి చేసినదానిని ఉదయమున మరల వింటిమి.

తుదకు పాటను అన్నకు పంపితిమి. జరిగినదంతయు వ్రాసి, “తప్పు మీది కాదు, నాటి మాట మాది” అని క్షమాపణ కోరితిమి. రెండు దినములు జవాబు లేదు. మూడవనాడు సాయంకాలము ఫోను మ్రోగెను.

“తమ్మీ, గిటారు కొంచెము తగ్గినట్లున్నదే?” అనెను.

“తగ్గించితిమన్నా.”

కొంతసేపు ఆయన యేమియు ననలేదు. పిమ్మట, “నేను ఆ తరువాత తబలా ముట్టలేదు. నిజముగనే నాకు తాళము రాదనుకొంటిని” అనెను. ఆ మాటకు మావద్ద జవాబు లేకపోయెను. ట్రాకును జరుపవచ్చును, ఇరువది యేండ్లను జరుపలేము.

విద్యార్థులారా, మేము నిత్యము మీ హాజరుపట్టీలో ఆలస్యములు గుర్తించువారము. జూను మాసమున బడి తెరచినది మొదలు, గీత పెట్టుటకు ముందు ఒక ప్రశ్న యడుగుట యలవాటు చేసికొంటిమి: “నాయనా, నీ దారిలో నేమి జరిగినది?” మీరును తోడివానిని తప్పుపట్టుటకు పూర్వము, మీ చేతనున్న కొలబద్దను ఒకమారు పరీక్షించుడు.

అన్న మరల తబలా కొనలేదు. కాని వచ్చు సెలవులలో మా యింటికి వచ్చెదనని మాట యిచ్చెను. ఒక తబలా జతను అరువు తెచ్చి యుంచితిమి.