పెర్త్ కబుర్లు: మళ్ళీ 32వ నిమిషమే

స్కాట్లాండ్ మ్యాపు ముందేసుకుని సెయింట్ జాన్‌స్టన్ అనే ఊరెక్కడుందా అని వెతికితే కళ్ళు లాగడమే తప్ప ఊరు దొరకదు. ఆ పేరుతో ఇవాళ ఊరు లేదు, ఫుట్‌బాల్ జట్టు మాత్రం ఉంది. ఆ జట్టు ఊరు పెర్త్. టే నది ఒడ్డున, యాభై వేల లోపు జనాభాతో, గ్లాస్గోకి ఓ వంద కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. నడిబొడ్డున సెయింట్ జాన్ పేరుతో పాత చర్చి ఉంది కాబట్టి పూర్వం ఆ ఊరినే సెయింట్ జాన్ పట్నం అనేవాళ్ళు. కాలక్రమంలో ఊరు ఆ పేరు వదిలేసింది, జట్టు అట్టే పెట్టుకుంది. స్కాట్లాండ్ లీగు జట్లలో ఇంగ్లీషు అక్షరం ‘జె’ ఉన్నది ఈ ఒక్క పేరులోనేనట. అక్కడ క్విజ్‌లలో పాతబడిపోయిన ప్రశ్న అది.

ఈ కబుర్లు 2020-21 సీజన్‌వి. ఆ ఒక్క ఏడాదిలో ఈ చిన్న జట్టు దేశంలోని రెండు పెద్ద కప్పులనూ, అంటే లీగ్ కప్‌నీ స్కాటిష్ కప్‌నీ, ఇంటికి తెచ్చుకుంది. అంతకు ముందు ఒకే సీజన్‌లో ఆ రెండూ గెలిచినవి సెల్టిక్, రేంజర్స్, అబర్డీన్ మాత్రమే. ఆ జాబితాలో నాలుగో పేరుగా సెయింట్ జాన్‌స్టన్ చేరింది. అయినా ఆ ఆనందాన్ని స్టేడియంలో కూర్చుని కళ్ళారా చూసిన అభిమాని ఒక్కరూ లేరు. ఇన్నేళ్ళయినా ఆ సీజన్ తలచుకున్నప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది ఈ సంగతే.

ముందు జట్టు పుట్టుక చెప్పుకోవాలి. క్రికెట్ అంటే ప్రాణం పెట్టే మనకి ఇది నచ్చుతుంది. 1884లో ఈ జట్టు మొదలుపెట్టింది అక్కడి క్రికెట్ క్లబ్బు కుర్రాళ్ళే. వేసవి అయిపోయి బ్యాట్లు మూలన పెట్టాక, చలికాలమంతా ఊరికే కూర్చోలేక సౌత్ ఇంచ్ మైదానంలో బంతిని తన్నడం మొదలుపెట్టారు. కాలక్షేపంగా మొదలైంది ఊరి బతుకులో భాగమైపోయింది.

మైదానం కథ ఇంకా బాగుంటుంది. వీళ్ళ పాత మైదానం మ్యూర్టన్ పార్క్. 1980లలో డబ్బుకి కటకటలాడుతున్న రోజుల్లో ఆ స్థలాన్ని ఒక సూపర్‌మార్కెట్‌కి ఇచ్చేశారు. కొత్త స్టేడియానికి ఊరి చివర ఉన్న తన పొలాన్ని ఇచ్చినాయన బ్రూస్ మెక్‌డియర్మిడ్ అనే రైతు. అందుకే దాని పేరు మెక్‌డియర్మిడ్ పార్క్. 1989లో తెరిచారు. ప్రేక్షకులందరికీ కుర్చీలు ఉండేట్టు బ్రిటన్‌లో కొత్తగా కట్టిన మొదటి ఫుట్‌బాల్ స్టేడియం అదే. అంతవరకూ చాలా చోట్ల జనం మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ నిలబడి చూసేవాళ్ళు. మన వైపు కూడా బడికీ గుడికీ పొలం రాసిచ్చిన రైతులు ఎంతమందో కదా. బంతాటకి పొలం ఇచ్చిన రైతు పేరు మీద ఇవాళ్టికీ మ్యాచ్‌లు జరుగుతున్నాయంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక కప్పుల లెక్క. 1969లో లీగ్ కప్ ఫైనల్‌కి వెళ్ళి సెల్టిక్ చేతిలో ఓడారు. 1998లో మళ్ళీ వెళ్ళి రేంజర్స్ చేతిలో ఓడారు. 2014లో గానీ నోరు తీపి కాలేదు. ఆ ఏడాది మే 17న పొరుగునే ఉన్న డండీ యునైటెడ్‌ని 2-0తో ఓడించి స్కాటిష్ కప్ గెలిచారు. జట్టు పుట్టిన 130 ఏళ్ళకి మొదటి పెద్ద కప్పు! తాతలు చూడనిది మనవలు చూశారు. ఇంక ఈ జన్మకిది చాలనుకున్నవాళ్ళూ ఉండే ఉంటారు.

ఆ కప్పు తెచ్చిన మేనేజర్ టామీ రైట్ 2020 మే నెలలో వెళ్ళిపోయాడు. ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన క్యాలమ్ డేవిడ్‌సన్‌ని జూన్‌లో పిలిచి పగ్గాలు అప్పగించారు. ఆయన ఆటగాడిగా ఓనమాలు దిద్దుకున్నది ఈ జట్టులోనే. స్కాట్లాండ్ తరఫునా ఆడాడు. మేనేజర్‌గా మాత్రం ఇదే మొదటి ఉద్యోగం. కోవిడ్ కాలం, గేట్ల దగ్గర టికెట్ల డబ్బు లేదు, స్టాండ్లలో పురుగు లేదు. అలాంటి ఏడాది మొదటిసారి మేనేజర్ కుర్చీలో కూర్చోవడం మాటలు కాదు.

ఆయన చేసిన పని చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం. వెనక ముగ్గురు డిఫెండర్లను గోడలా నిలబెట్టాడు. కెప్టెన్ జేసన్ కెర్, పెర్త్ కుర్రాడే అయిన లియమ్ గోర్డన్, జేమీ మెక్‌కార్ట్. ఇటూ అటూ అంచుల వెంట పైకీ కిందికీ పరిగెత్తే ఇద్దరు. నడుమ అలసటంటే తెలియని అలీ మెక్‌కాన్. అందరి వెనకా గోల్‌కీపర్ జాండర్ క్లార్క్. ముందు గోల్ ఇవ్వకూడదు, ఒక్కటి కొడితే చాలు అన్నట్టుండేది ఆట. చూడ్డానికి చప్పగా ఉందన్నవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. పది మంది ఒకే ఊపిరిగా కదులుతూ ఎదుటివాడికి సందు ఇవ్వకపోవడంలో ఒక అందం ఉంది. అది కనిపించాలంటే బంతిని కాసేపు వదిలేసి బంతి లేనివాళ్ళని చూడాలి.

లీగ్ కప్‌లో ఆ చలికాలం పెద్ద చెట్లే ముందు కూలాయి. నాలుగేళ్ళుగా దేశంలో ఏ కప్ మ్యాచ్‌లోనూ ఓటమి ఎరగని సెల్టిక్‌ని నవంబరు 29న సెల్టిక్ సొంత గడ్డ మీదే రాస్ కౌంటీ 2-0తో పడగొట్టింది. సెల్టిక్ వరస 35 మ్యాచ్‌ల దగ్గర తెగింది. డిసెంబరులో సెయింట్ మిరెన్ రేంజర్స్‌ని 3-2తో ఇంటికి పంపింది. సెయింట్ జాన్‌స్టన్ డన్‌ఫర్మ్‌లిన్‌ని పెనాల్టీ షూటౌట్‌లో దాటుకుని, జనవరి 23న సెమీఫైనల్లో హిబర్నియన్‌ని 3-0తో కొట్టింది. కెర్, రూనీ, క్రెయిగ్ కాన్వే తలా ఒకటి వేశారు.

షాన్ రూనీ పేరు గుర్తుపెట్టుకోండి. కుడి అంచున ఆడే డిఫెండర్. ఆ వేసవిలోనే రెండో అంచె లీగులో ఉన్న ఇన్వర్‌నెస్ నుంచి వచ్చాడు. అభిమానులు ముద్దుగా ‘బెల్స్‌హిల్ కఫూ’ అన్నారు. బెల్స్‌హిల్ గ్లాస్గో పక్కనున్న చిన్న పట్నం, మాంచెస్టర్ యునైటెడ్‌ని నిలబెట్టిన మ్యాట్ బజ్బీ పుట్టిన చోటు. కఫూ ఎవరో చెప్పక్కర్లేదు, 2002లో ప్రపంచ కప్పు నెత్తిన పెట్టుకున్న బ్రెజిల్ కెప్టెన్.

ఫిబ్రవరి 28న గ్లాస్గోలోని హాంప్‌డెన్ పార్క్‌లో ఫైనల్. ఎదురుగా లివింగ్‌స్టన్. యాభై వేలమందికి పైగా పట్టే స్టేడియంలో వినిపించేది బంతిని తన్నిన చప్పుడు, ఒకరినొకరు పిలుచుకునే ఆటగాళ్ళ కేకలు. 32వ నిమిషంలో కాన్వే కార్నర్ కొట్టాడు, రూనీ ఎగిరి తలతో వేశాడు. 1-0. మిగతా గంటసేపూ గోడ కదల్లేదు. 1969లో చేజారింది, 1998లో చేజారింది, మూడోసారికి లీగ్ కప్ పెర్త్‌కి వచ్చింది.

లీగు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పన్నెండు జట్లు 33 మ్యాచ్‌లు ఆడాక అక్కడ లీగుని రెండు సగాలు చేస్తారు. వీళ్ళు పై సగంలోకి చేరి, 45 పాయింట్లతో ఐదో స్థానంలో నిలిచారు. చిన్న ఊరికి అదే గొప్ప సీజన్. అక్కడితో ఆగినా ఎవరూ వేలెత్తి చూపేవాళ్ళు కాదు.

స్కాటిష్ కప్‌ని కోవిడ్ వల్ల జనవరిలో ఆపేశారు. మళ్ళీ మొదలయ్యేసరికి అంతా హడావుడే, ఏప్రిల్ 3 నుంచి మే 22 దాకా ఏడు వారాల్లో ఐదు మ్యాచ్‌లు గెలవాలి. డండీని 1-0తో, క్లైడ్‌ని 2-0తో దాటారు. తర్వాత చీటీలో వచ్చింది రేంజర్స్, అదీ వాళ్ళ సొంత మైదానం ఐబ్రాక్స్‌లో.

ఆ ఏడాది రేంజర్స్ అంటే మాటలు కాదు. మేనేజర్ స్టీవెన్ జెరార్డ్ చేతి కింద లీగు మొత్తం మీద ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 38 మ్యాచ్‌లలో 32 గెలుపులు, 6 డ్రాలు, 102 పాయింట్లు. ఏప్రిల్ 25న అలాంటి జట్టుని సెయింట్ జాన్‌స్టన్ 90 నిమిషాల పాటు గోల్ వేయనివ్వలేదు. అదనపు సమయం ఇచ్చారు. 117వ నిమిషంలో రేంజర్స్ కెప్టెన్ జేమ్స్ టావర్నియర్ గోల్ వేశాడు. అయిపోయింది అనుకున్నాం.

ఆఖరి క్షణాల్లో సెయింట్ జాన్‌స్టన్‌కి కార్నర్ దొరికింది. అప్పుడు గోల్‌కీపర్ క్లార్క్ తన గోల్ వదిలేసి మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తాడు. వెనక గోల్ ఖాళీ. బంతి పోయి రేంజర్స్‌కి దొరికిందంటే ఎవరైనా ఇంటి నుంచి తన్నినా గోలే. కానీ 0-1తో ఓడినా 0-2తో ఓడినా కప్పులో ఓటమి ఓటమే కదా, ఆ ఘడియలో పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. కార్నర్ గాల్లో తేలి వచ్చింది. గుంపులోంచి అందరికంటే పైకి లేచింది చేతి తొడుగులు వేసుకున్న మనిషే. ఆయన తలకి తగిలిన బంతి సొంత జట్టు ఆటగాడు క్రిస్ కేన్‌ని తాకి లోపలికి పోయింది. 122వ నిమిషం. 1-1. రికార్డుల్లో గోల్ కేన్ పేరు మీదే ఉంది గానీ, ఆ గోల్‌ని క్లార్క్‌ది అనకుండా పెర్త్‌లో ఎవరైనా ఊరుకుంటారా?

ఆ తర్వాత షూటౌట్. తలతో చేసిన పని చాలదన్నట్టు క్లార్క్ ఈసారి చేతులకి పని చెప్పాడు. టావర్నియర్ పెనాల్టీ ఆపాడు, కెమార్ రూఫ్ పెనాల్టీ ఆపాడు. 4-2. ఏడాదంతా స్వదేశపు లీగులో ఎవరూ ఓడించలేని జట్టు, పెర్త్ వాళ్ళ చేతిలో సొంత మైదానంలోనే కప్పు నుంచి తప్పుకుంది. పెద్ద జట్లు లేని సందు చూసుకుని కప్పులు కొట్టేశారని ఎవరైనా అంటే ఈ ఒక్క సాయంత్రం చూపిస్తే సరిపోతుంది.

మే 9న సెమీఫైనల్లో సెయింట్ మిరెన్ మీద 2-1. కేన్ ఒకటి వేశాడు, రేంజర్స్ నుంచే అరువు మీద వచ్చిన గ్లెన్ మిడిల్‌టన్ ఫ్రీకిక్‌తో రెండోది వేశాడు.

మే 22, మళ్ళీ హాంప్‌డెన్, ఎదురుగా మళ్ళీ హిబర్నియన్. కొద్దిమంది అభిమానులనైనా రానిద్దామని అనుకున్నారు గానీ గ్లాస్గోలో కోవిడ్ ఆంక్షలు సడలలేదు. మళ్ళీ ఖాళీ కుర్చీలే. ఆట సాగుతోంది. ఎడమ వైపు డేవిడ్ వదర్‌స్పూన్‌కి బంతి అందింది. ఈయనా పెర్త్ బిడ్డే, 2014 కప్పు జట్టులో ఉన్నవాడు. కొట్టబోతున్నట్టు కాలు ఎత్తాడు, ఎదుటి డిఫెండర్ దాన్ని నమ్మి అటు ఒరిగాడు. వదర్‌స్పూన్ కొట్టలేదు, బంతిని పాదంతో లాగేసి గిర్రున తిరిగాడు. ఈ మలుపు ఆయన చాలా ఏళ్ళుగా వేస్తున్నదే. అందరికీ తెలుసు, అయినా పడిపోతారు. దొరికిన ఆ జానెడు చోటులోంచి క్రాస్ వేశాడు. కుడి అంచున ఉండాల్సిన రూనీ నడిమధ్యకి వచ్చి ఉన్నాడు. ఎగిరాడు, తలతో వేశాడు. గడియారం చూస్తే 32వ నిమిషం!

ఫిబ్రవరిలోనూ 32వ నిమిషమే, తలతోనే, రూనీయే, 1-0యే. రెండు ఫైనళ్ళ రిపోర్టులు పక్కపక్కన పెడితే ఒకటే రెండుసార్లు అచ్చేశారా అనిపిస్తుంది.

రెండో సగంలో పెనాల్టీ దొరికింది గానీ మిడిల్‌టన్ కొట్టినదాన్ని హిబ్స్ (హిబర్నియన్) గోల్‌కీపర్ మ్యాట్ మేసీ ఆపేశాడు, తిరిగొచ్చిన బంతిని కేన్ లోపల పెట్టలేకపోయాడు. అదీ పోయింది, ఇంక హిబ్స్ వాళ్ళు మీద పడతారేమోనని గుండె పీచుపీచుమంది. పడ్డారు కూడా. గోడ కదల్లేదు. కప్పులో ఐదు మ్యాచ్‌లకి కలిపి వీళ్ళు ఆటలో ఇచ్చిన గోల్స్ రెండే.

విజిల్ మోగాక ఆటగాళ్ళు పరుగెత్తారు. ఎటు? మామూలుగా అయితే అభిమానుల వైపు. అక్కడ వరసలు వరసలుగా మడతపెట్టిన కుర్చీలున్నాయి. కప్పు ఎత్తినప్పుడు వాళ్ళ అరుపులు వాళ్ళకే తిరిగి వినిపించాయి. పెర్త్‌లో జనం ఇళ్ళలో టీవీల ముందు ఉన్నారు. 1969 నాటి ఓటమి చూసిన ముసలివాళ్ళు ఉండి ఉంటారు వాళ్ళలో. వాళ్ళు ఆ రోజు హాంప్‌డెన్‌లో ఉండి ఉంటే ఎంత బాగుండేది! నాకు ఆ లోటు ఇప్పటికీ లోటుగానే ఉంది.

తర్వాతి కబుర్లూ చెప్పాలి కదా. కెర్ విగన్‌కి, మెక్‌కాన్ ప్రెస్టన్‌కి ఆ ఆగస్టు చివరే వెళ్ళిపోయారు. మరుసటి సీజన్‌లో పదకొండో స్థానానికి జారి, ప్లేఆఫ్‌లో ఇన్వర్‌నెస్‌ని ఓడించి బయటపడ్డారు. 2009 నుంచీ పట్టుకుని ఉన్న పెద్ద లీగు స్థానం 2025లో పోయింది. అభిమానులు కుమిలిపోయారు. చిన్న జట్టు మంచి ఆటగాళ్ళని ఎక్కువ కాలం దాచుకోలేదు, కప్పు గెలిస్తే ఆ అమ్మకం ఇంకా తొందరగా జరుగుతుంది.

కానీ ఆ ఆటగాళ్ళు విడిపోకముందు, 2021 ఆగస్టు 5న, ఇస్తాంబుల్‌లో ఒక సాయంత్రం ఉంది. కప్పు గెలిచినందుకు యూరప్ పోటీలో వీళ్ళకి అక్కడి గలతసరాయ్ జట్టు ఎదురుపడింది. అక్కడ జేసన్ కెర్ పెనాల్టీ కొట్టాడు, 1-1తో తిరిగొచ్చారు. వారం తిరిగాక, 12న, గలతసరాయ్ పెర్త్‌కి వచ్చింది. 4-2తో గెలిచి వెళ్ళింది. అయితేనేం, ఆ రాత్రి మెక్‌డియర్మిడ్ పార్క్ స్టాండ్లలో జనం ఉన్నారు. రైతు ఇచ్చిన ఆ పొలంలో, రెండు కప్పులు గెలిచిన కుర్రాళ్ళు గలతసరాయ్‌తో తలపడుతుంటే గొంతులు పోయేలా అరిచారు.